ముందు పీట గట్టిపడాలి: రైఫిల్‌కి బెడ్డింగా, ఫ్రీ ఫ్లోటింగా?

వానలు మొదలయ్యాక విజయనగరంలో నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకేలా ఉంటాయి. “అన్నా, ఏప్రిల్‌లో టార్గెట్ మీద తొమ్మిది, పది రింగుల్లోనే ఆడిన రైఫిలు ఇప్పుడు ఎడమ పక్కకి పోతోంది. సైటు తిప్పితే రెండ్రోజులు బాగుంటోంది, మళ్లీ అదే వరస. బ్యారెల్ ఫ్లోట్ చేయించీమంటారా?” మొన్న జులైలో ఒక కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది. వద్దని అనలేదు. కానీ ఫ్లోటింగ్ (బ్యారెల్ చెక్కకి ఆనకుండా వదలడం) అన్న మాట చెవిన పడగానే ఉప్పుకాగితం పట్టుకుని స్టాకు, అంటే తుపాకీ చెక్క, గీకేసిన వాళ్లని చాలామందిని చూశాను. గీకిన చెక్క మళ్లీ రాదు. అందుకని ఏ రైఫిల్‌కి ఏది పనికొస్తుందో, ఏది డబ్బు దండగో, ఏది ఉన్న బాగుని కూడా చెడగొడుతుందో నాకు అనుభవమైన మేరకి రాస్తున్నాను.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను. లైసెన్సు ఉన్న రైఫిల్ అయితే, అది .22 బోరుది (గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో) కానివ్వండి, .315 కానివ్వండి, ఈ పని లైసెన్సున్న రిపేరరు చేతే చేయించాలి. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం రిపేరుకి కూడా లైసెన్సు ఉండాలి. మన వీధి వడ్రంగికి స్టాకుతో పాటు తుపాకీ కూడా అప్పజెప్పి వచ్చేయడం ఆయనకీ చిక్కే, మీకూ చిక్కే. 0.177 బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి మాత్రం 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు కాబట్టి దాని స్టాకు మీద ఇంట్లోనే చేయి తిప్పుకోవచ్చు. నా ప్రయోగాలన్నీ, నా తప్పులన్నీ దాని మీదే.

సిరిమాను లెక్క

బెడ్డింగ్, ఫ్రీ ఫ్లోటింగ్, ఈ రెండు పనులకీ తేడా చెప్పడానికి నాకు పైడితల్లమ్మ సిరిమాను కన్నా మంచి ఉదాహరణ దొరకలేదు. దసరా తరవాత వచ్చే మంగళవారం ఆ పొడవాటి మాను కొస మీద పూజారి కూర్చుని, జనం నెత్తి మీదుగా కోట దాకా వెళ్లొస్తారు. కొస దేన్నీ తాకదు. అది ఫ్రీ ఫ్లోట్. మరి మొదట్లో మానుని బండికి బిగించిన చోటు? అక్కడ వేలెడు వదులుంటే కొసన ఉన్న పూజారి ఎంత ఊగుతారో మీరే ఊహించుకోండి. ఆ మొదటి బిగింపు బెడ్డింగ్.

రైఫిల్‌లో మాను బ్యారెల్, బండి స్టాకు. బ్యారెల్ మరతో బిగిసి ఉండే రిసీవరు, అంటే వెనకున్న ఇనప భాగం, స్టాకులో ఒక పీట మీద కూర్చుంటుంది, యాక్షన్ స్క్రూలు కింద నుంచి దాన్ని పట్టుకుంటాయి. ఆ పీటకీ ఇనుముకీ మధ్య సందు లేకుండా అచ్చు పోసినట్టు కూర్చోబెట్టడం బెడ్డింగ్. రిసీవరుకి ముందు బ్యారెల్ కింద ఉన్న చెక్క కాలువని వెడల్పు చేసి బ్యారెల్ దేనికీ ఆనకుండా వదిలేయడం ఫ్రీ ఫ్లోటింగ్.

ఎందుకు ఆనకూడదు? గుండు బ్యారెల్‌లో పరుగెత్తేటప్పుడు ఆ ఇనప గొట్టం తీగలా అదురుతుంది. ప్రతిసారీ ఒకేలా అదిరితే గుండు ఒకే చోటుకి వెళ్తుంది. పక్కన చెక్క తగులుతుంటే ఆ అదురు మారిపోతుంది. ఇక్కడ చాలామంది పొరపాటు పడే చోటు ఒకటుంది. ఆనడం తప్పు కాదు, ఒక్కో గుండుకి ఒక్కోలా ఆనడం తప్పు. వీణ మీద వేలు ఎక్కడ ఆనిస్తే అక్కడి స్వరం పలుకుతుంది. వేలు జారుతూ ఉంటేనే చెవికి బాధ.

చెక్క నీరు తాగుతాది

వీణ మాట వచ్చింది కాబట్టి గొల్లపల్లి సంగతి. బొబ్బిలి పక్కన, వీణలు చేసే ఊరు. నా ఎయిర్ రైఫిల్ స్టాకు ఒకటి విప్పి, ఉత్త చెక్క మాత్రం పట్టుకుని అక్కడ ఒక పెద్దాయనకి చూపించాను. పనస దుంగ ఎండిందీ లేనిదీ వేలితో కొట్టి చెప్పే మనిషి. స్టాకుని తిరగేసి, బ్యారెల్ కాలువలో బొటనవేలితో రాసి, నా వైపు చూశాడు.

“ఏటి బాబూ, పైన అద్దంలాగ మెరిపించీసి లోపల పచ్చిగా ఒదిలీసినారు? లోపలికి నూనె గాని రంగు గాని ఎయ్యనేదా? వానాకాలం వస్తే సెక్క నీరు తాగదేటి?”

అప్పటిదాకా నేను ఎన్ని స్టాకులు విప్పానో, ఒక్కసారి కూడా లోపల వార్నిష్ ఉందా అని చూడలేదు. శ్రీకాకుళం తీరంలోనూ, మన దగ్గరా జులై నుంచి నవంబరు దాకా గాలి నిండా తేమే. స్టాకు లోపలి చెక్క ఆ తేమని పీల్చి ఉబ్బుతుంది, ఒక పక్కకి వంగుతుంది, బ్యారెల్‌ని నెడుతుంది. ఏప్రిల్‌లో తగలని చెక్క ఆగస్టులో తగులుతుంది. ఫ్లోట్ చేస్తామని గీకేసి, గీకిన చోట మళ్లీ సీలు చెయ్యకపోతే ముందుకన్నా ఎక్కువ నీరు తాగుతుంది. కాబట్టి ఏ దారి ఎంచుకున్నా, లోపలి కాలువకీ, వెనక రబ్బరు ప్యాడ్ కింద కనిపించే చెక్క కొసకీ, స్క్రూ రంధ్రాలకీ రెండు మూడు పూతలు పలచటి వార్నిష్ పడాల్సిందే. దీనికి అయ్యే ఖర్చు వందల్లోనే. నా లెక్కలో మన ప్రాంతంలో మొదటి ఎంపిక ఇదే. దీన్ని బెడ్డింగ్ అనరు, ఫ్లోటింగ్ అనరు, అందుకే ఎవరూ పట్టించుకోరు.

గీకే ముందు విజిటింగ్ కార్డు

ఫ్లోట్ చేస్తే బాగుపడుతుందా లేదా అన్నది చెక్క కొయ్యకుండానే తెలుసుకోవచ్చు. రైఫిల్‌లో గుండు లేదని రెండుసార్లు చూసుకుని, గుండుని లోపలికి నెట్టి మూసే బోల్టు తీసి పక్కన పెట్టండి. పది రూపాయల కొత్త నోటు తీసుకుని బ్యారెల్‌కీ చెక్కకీ మధ్య, కొస నుంచి రిసీవరు వైపు జరపండి. ఎక్కడ ఆగితే అక్కడ తగులుతున్నట్టు. ఎడమ పక్క ఆగి కుడి పక్క జారిపోతే ఎడమ చెక్క నెడుతోందన్నమాట.

ఇప్పుడు విజిటింగ్ కార్డు ముక్క ఒకటి, చిన్న వేలి గోరంత, కత్తిరించి ముందు యాక్షన్ స్క్రూ పక్కన, రిసీవరు కింద పెట్టి బిగించండి. కార్డు మందం దాదాపు 0.3 మిల్లీమీటర్లు. రిసీవరు అంత పైకి లేస్తుంది, దానితో బ్యారెల్ కూడా. చాలకపోతే రెండు ముక్కలు. నోటు ఆగకుండా జారితే అది తాత్కాలిక ఫ్లోట్. దానితో రేంజ్‌లో ఐదేసి గుళ్లు మూడు గ్రూపులు (ఒకే గురికి కొట్టిన గుళ్ల గుంపు) కొట్టండి. తరవాత ఆ కార్డు తీసేసి, ఫోర్ ఎండ్ (స్టాకు ముందు భాగం) కొసన, బ్యారెల్ కింద రెండు మూడు కార్డు ముక్కలు పెట్టి మళ్లీ మూడు గ్రూపులు. అసలు ఏమీ పెట్టకుండా మూడు. ఒకే డబ్బా గుళ్లు, ఒకే పొద్దు, ఒకే మనిషి. ఒక్క గ్రూపు చూసి తేల్చకండి. ఒకసారి చిన్న గ్రూపు పడటం ఎవరి రైఫిల్‌కైనా జరుగుతుంది.

కాగితం మీద పడిన ఆకారం కూడా కొంత చెప్తుంది. గుళ్లు నిలువుగా, కొట్టేకొద్దీ పైకి పాకుతున్నాయంటే వేడెక్కిన బ్యారెల్ ఫోర్ ఎండ్‌ని నొక్కుతోందేమో చూడండి. రెండు చిన్న గుంపులుగా, మధ్యలో ఖాళీగా పడుతున్నాయంటే రిసీవరు పీటలో రెండు చోట్ల కుదురుకుంటోంది. అది బెడ్డింగ్ జబ్బు, ఎంత ఫ్లోట్ చేసినా తగ్గదు. నలుదిక్కులా చెదిరితే ముందు స్క్రూలు, సైటు స్క్రూలు, గుళ్ల రకం చూడండి. నిజం చెప్పాలంటే నా దగ్గరకి వచ్చిన రైఫిళ్లలో చాలా వాటికి జబ్బు స్క్రూలోనే ఉంది.

స్క్రూ బిగింపుకి అరచేతి బలం కొలత కాదు. బిగువు కొలిచి చూపే టార్క్ స్క్రూడ్రైవరు ఒకటి కొనుక్కోండి, ఆరు నెలల్లో దాని డబ్బు గుళ్ల రూపంలో మిగులుతుంది. పెద్ద రైఫిల్స్‌లో ఉత్త చెక్క స్టాకుకి సాధారణంగా 4 నుంచి 4.5 న్యూటన్ మీటర్లు, స్క్రూ చుట్టూ దింపే లోహపు పిల్లర్లు ఉంటే 7 దగ్గర. .22కి తయారీదారు పుస్తకంలో ఎంత రాస్తే అంతే. దాన్ని మించి బిగిస్తే రిసీవరే వంగుతుంది.

ఏ రైఫిల్‌కి ఏది

ఉత్త ఫ్లోటింగ్, అంటే బెడ్డింగ్ లేకుండా కాలువ మాత్రం వెడల్పు చేయడం, లావు బ్యారెల్ ఉండి, రెండు యాక్షన్ స్క్రూలు ఉండి, పీట అప్పటికే గట్టిగా ఉన్న రైఫిల్‌కి సరిపోతుంది. నోటు దూరేంత సందు చాలదు. స్లింగు (రైఫిల్ పట్టీ) లాగినప్పుడు, ఇసుక సంచి మీద ఆనించినప్పుడు ఫోర్ ఎండ్ వంగుతుంది, వానకి ఉబ్బుతుంది. మన దగ్గర ఒకటిన్నర మిల్లీమీటరుకి తక్కువ వదలొద్దంటాను. చూడటానికి కాస్త వికారంగా ఉంటుంది, ఉండనివ్వండి.

.22 సంగతి వేరు. ఎన్‌సీసీలో 25 గజాల దగ్గర పడుకుని కొట్టినవాళ్లు ఇది చదువుతుంటే, మనం అప్పుడు గ్రూపు పెద్దదైతే చివాట్లు తిన్నామే గాని స్క్రూ బిగువు ఎవరు చూశారు? .22 బ్యారెల్ పెద్దగా వేడెక్కదు కాబట్టి వేడి పేరు చెప్పి ఫ్లోట్ చేయడంలో అర్థం లేదు. పైగా చాలా తేలికపాటి స్పోర్టర్ .22లకి ముందు ఒకే ఒక్క స్క్రూ ఉంటుంది. బ్యారెల్‌ని పూర్తిగా గాల్లోకి వదిలేస్తే బరువంతా ఆ ఒక్క స్క్రూ మీద వేలాడుతుంది. అలాంటి దానికి రిసీవరుతో పాటు ఛాంబరు (గుండు కూర్చునే చోటు) కింద ఓ రెండంగుళాల మేర బ్యారెల్‌కి కూడా బెడ్డింగ్ ఇచ్చి, అక్కడి నుంచి ముందుకి మాత్రం ఫ్లోట్ చేయించడం మంచిది. 50 మీటర్ల పోటీలో పది రింగు వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, గుండు 5.6. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం తెచ్చింది ఆ లక్ష్యం మీదే. అంత చిన్న చోట పీట వెంట్రుకవాసి కదిలినా రింగు మారిపోతుంది.

.315 గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పాడుచేసేది ఎక్కువగా వీటినే. రాజాం పక్క మా మేనమామ దగ్గర ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 ఒకటి ఉంది, పాత లైసెన్సు. వన్యప్రాణి చట్టం ఉంది కాబట్టి ఇప్పుడు వేట అన్నది లేదు. ఏడాదికోసారి అనుమతి ఉన్న రేంజ్‌లో కొట్టి, తుడిచి, మళ్లీ బీరువాలో పెడతారు. ఎవరో చెప్పగా ఫోర్ ఎండ్ లోపల గీకించేశారు. ఆ తరవాత గ్రూపు తాటిపండంత అయింది. నన్ను పిలిచి, “ఏట్రా అల్లుడూ, ఫ్లోటింగని సెప్పి బాగున్నదాన్ని పాడు సేసినారు” అన్నారు. గీకించింది నేను కాదు మామా అంటే వినరు, తుపాకుల తప్పులన్నీ నా ఖాతాలోనే.

ఈ రైఫిల్ లీ ఎన్‌ఫీల్డ్ వంశం. బోల్టు తాళం వెనక పక్కన పడుతుంది, బ్యారెల్ సన్నం, వెనక్కి తన్నే దెబ్బని రిసీవరు వెనకున్న ఫోర్ ఎండ్ చెక్క భుజాలు తీసుకుంటాయి. ఏళ్ల తరబడి నూనె కారి ఆ భుజాలు మెత్తబడిపోతాయి. పాత సైన్యపు ఎన్‌ఫీల్డుల్లో బ్యారెల్‌ని కింద నుంచి ఒక స్ప్రింగు పైకి నెట్టి ఉంచేది. తయారు చేసినవాళ్లు కావాలనే ఆనించారు. అలాంటి సన్నటి బ్యారెల్‌ని గాల్లోకి వదిలితే విచ్చలవిడిగా అదురుతుంది. మామ రైఫిల్‌కి ఫోర్ ఎండ్ కొసన కార్డు ముక్కలు పెట్టి చూశాం. గ్రూపు కొబ్బరిచిప్ప కింద దాగేంత అయింది. తరవాత విశాఖలో రిపేరరు అక్కడ శాశ్వతంగా చిన్న ప్యాడ్ పెట్టి, వెనక భుజాల్లో మెత్తబడిన చెక్క తీసి గట్టి చెక్క ముక్కలు దిగేశాడు. .315 ఉన్నవాళ్లకి నా సలహా అదే: భుజాలు బాగుచేయించండి, కొసన ఒత్తిడి ఉంచండి, ఫ్లోటింగ్ మాట మరిచిపోండి.

ఎయిర్ రైఫిల్స్‌లో స్ప్రింగువాటికి ఈ రెండూ దాదాపు అనవసరం. స్ప్రింగు ముందుకీ వెనక్కీ తన్నే తన్నుకి స్క్రూలు వదులవుతుంటాయి, వాటిని చూసుకుంటే చాలు. గాలి సిలిండరు ఉన్న పీసీపీల్లో కొన్నిటికి బ్యారెల్‌నీ సిలిండరునీ కలిపి పట్టే బ్యాండు ఒకటి ఉంటుంది. సిలిండరులో గాలి తగ్గేకొద్దీ అది రవ్వంత ఆకారం మారి బ్యారెల్‌ని లాగుతుంది. మొదటి ఇరవై గుళ్లు ఒక చోట, చివరి ఇరవై ఇంకో చోట పడుతుంటే ఆ బ్యాండు వదులు చేసి చూడండి.

జిగురు పోసేటప్పుడు

బెడ్డింగ్‌లో రెండు తరగతులు. ఉత్త ఎపాక్సీ పీట ఒకటి. పిల్లర్లతో కలిపి పోసేది రెండోది. స్క్రూ చుట్టూ అల్యూమినియం గొట్టం దింపి, స్క్రూ ఒత్తిడి చెక్క మీద కాకుండా ఆ గొట్టం మీద పడేలా చేస్తారు. పొడి దేశాల్లో మొదటిది చాలంటారు. మన తీరంలో చెక్క స్టాకుకి డబ్బు పెడుతుంటే రెండోదానికే పెట్టండి. వానకి చెక్క ఉబ్బినప్పుడు బిగిసిన స్క్రూ కింద నార నలుగుతుంది, చలికాలం ఎండాక సందు మిగులుతుంది, స్క్రూ వదులవుతుంది. పిల్లరు ఉంటే ఆ గొడవ లేదు.

పని మీ కళ్లెదుట జరుగుతుంటే ఇవి గమనించండి. రికాయిల్ లగ్ (వెనక్కి తన్నే దెబ్బని స్టాకుకి అందించే ఇనప దిమ్మ) ముందు, పక్కల, అడుగున టేపు అంటించాలి, వెనక ముఖం మాత్రమే పీటకి ఆనాలి. రిసీవరులో ఉన్న గుంటలన్నీ పిల్లలు ఆడుకునే బంకమట్టితో పూడ్చాలి. ఇనుముకి అంటకుండా మైనం రెండు పూతలు, స్క్రూ మరలకి కూడా. టేకు స్టాకైతే చెక్కలో నూనె ఎక్కువ, ముందు ఎసిటోన్‌తో తుడవకపోతే ఎపాక్సీ పట్టదు. మే నెల మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు, ఎండకి గిన్నెలోనే గట్టిపడటం మొదలవుతుంది. పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టాలి. స్క్రూలు వేళ్లతో తిప్పినంతే బిగించి ఒక పూర్తి రోజు వదిలేయాలి. గట్టిగా బిగిస్తే రిసీవరు వంగి ఉండగానే అచ్చు పడుతుంది, ఆ వంపు శాశ్వతం. ఎంసీల్ వాడతానంటే ఒప్పుకోకండి, అది పైపులకే బాగుంటుంది. సన్నటి సందుల్లోకి పారదు.

నేను ఎయిర్ రైఫిల్‌కి చేసినప్పుడు అన్నీ చేసి, పక్కనున్న ఒక్క గుంటలో మట్టి పెట్టడం మరిచాను. అరల్డైట్ అందులోకి పోయి గట్టిపడింది. మర్నాడు స్క్రూలు తీసినా రిసీవరు ఊడి రాలేదు. లాగాను, ప్లాస్టిక్ సుత్తితో తట్టాను, రాలేదు. చివరికి పాలిథీన్ చుట్టి, చేపల బజారు నుంచి తెచ్చిన ఐసులో థర్మోకోల్ పెట్టెలో ఒక రాత్రి ఉంచాను. చలికి ఇనుము కుదించుకుని పొద్దున టప్‌మని ఊడింది. ఇంట్లో వాళ్లు మాత్రం ఆ పెట్టెలో చేపలు లేవని తెలిసి నాతో రెండ్రోజులు సరిగా మాట్లాడలేదు.

పని బాగా కుదిరిందీ లేనిదీ తేల్చడానికి డయల్ గేజు (సన్నటి కదలికని కొలిచే పరికరం) పెట్టి చూడమని అడగండి. ముల్లు ఫోర్ ఎండ్ మీద, ఆసరా బ్యారెల్ మీద. ముందు స్క్రూ నెమ్మదిగా వదులు చేస్తుంటే ముల్లు 0.05 మిల్లీమీటరు దాటి కదలకూడదు. దాటితే డబ్బు ఇవ్వొద్దనను గాని, మళ్లీ పోయమనండి.

చెక్క స్టాకు బదులు అల్యూమినియం ఛాసీ, అంటే లోహపు చట్రం, అన్నది ఇంకో దారి. చెక్కే ఉండదు కాబట్టి తేమ గొడవ, పీట గొడవ రెండూ పోతాయి, బ్యారెల్ దానంతట అదే గాల్లో ఉంటుంది. పోటీల్లోకి వెళ్లే పిల్లలకి, రెండు మూడేళ్లు ఒకే రైఫిల్ వాడతామనుకునేవాళ్లకి అదే మేలు. మీ రైఫిల్‌కి కచ్చితంగా సరిపడే ఛాసీ ఉందో లేదో ముందు కనుక్కోండి, “కొంచెం ఫైల్ చేస్తే కూర్చుంటుంది” అన్నదాన్ని కొనకండి.

జులైలో ఫోన్ చేసిన కుర్రాడికి ముందు నోటు పరీక్ష చేయించాను. ఎడమ పక్క, కొసకి నాలుగంగుళాల లోపల ఆగింది. ముందు స్క్రూ వేలితో తిరిగింది. స్టాకు విప్పి కాలువ ఫొటో పంపమంటే పచ్చి చెక్క, వార్నిష్ చుక్క లేదు, ఎడమ గోడ మీద బ్యారెల్ రాసుకున్న నల్లటి గీత. స్టాకుని వారం రోజులు ఫ్యాను గాలికి ఎండబెట్టి, ఆ గీత పోయేంత మేర మాత్రం గీకి, మూడు పూతలు వార్నిష్ వేసి, పుస్తకంలో ఉన్నంత టార్క్ పెట్టి కొట్టమన్నాను. పిల్లర్ బెడ్డింగ్ డిసెంబరులో చేయిద్దాం, చెక్క బాగా ఎండాక. సెప్టెంబరు తుపాను వానల్లో మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి అడిగింది గుళ్ల డబ్బా గురించి.